బంగారి కడుపులో కాపురస్తులు

“గాలి తగిలితే చచ్చిపోతారంటున్నారు గదండీ, మరి వాళ్ళని విచారణకి ఆఫీసు దాకా ఎట్లా తీసుకురమ్మంటారు?” అంది తిరపతమ్మ, తన గేదె కడుపులో కాపురం ఉంటున్నవారి పేర వచ్చిన నోటీసును రెండు చేతులా పట్టుకుని.

నోటీసు తెచ్చిన అటెండరు జోజి బండి దిగలేదు. తన పని కాగితం ఇచ్చి ముద్ర తీసుకోవడం వరకేనన్నాడు. గేదె బదులు ఇంటావిడ సంతకం చెయ్యొచ్చు, కడుపులోని వారి బదులు మాత్రం గేదె కాలిముద్రే పడాలి, రూలు అది. స్టాంపు ప్యాడు గిట్ట కింద సరిపోలేదు. చివరికి కుడితి తొట్టి దగ్గర బురద తొక్కించి కాగితం మీద పెట్టించారు.

“రాలేనోళ్ళ దగ్గరికి ఆఫీసే వస్తదిలేమ్మా. నువ్వేం కంగారుపడమాక” అని జోజి బండి తిప్పాడు.

కంగారుపడొద్దని ఎవరైనా అంటే తిరపతమ్మకు అప్పటినుంచే కంగారు మొదలవుతుంది. ఏమీ లేకపోతే ఆ మాట ఎందుకంటారు?

మండలంలో పాడి ఉన్న ప్రతి ఇంటికీ ఆ నెలలో ఇలాంటి నోటీసు వెళ్ళింది. ఆవులూ గేదెలూ తేన్చే గాలి వల్ల ఎండలు ముదిరిపోతున్నాయని పైనుంచి కొలతలు వచ్చాయి. మొదట నోటీసులు గేదెలకే ఇచ్చారు. అవి వాటిని నమిలేశాయి. తరువాత చదువుకున్నవాళ్ళు కూర్చుని చూస్తే, ఆ గాలి చేసేది గేదె కాదని, దాని కడుపులో చీకట్లో బతికే, కంటికి కనబడని ఒక జాతి అని తేలింది. పెద్ద పుస్తకాల్లో వాళ్ళకి ఆర్కియా అని పేరుంది. సూక్ష్మజీవుల్లోనే వాళ్ళ వంశం వేరట, తక్కినవాటితో కలపకూడదట. తప్పు ఎవరిదో తెలిశాక, ఆ తప్పు మోయడానికి వాళ్ళు లెక్కలోకి రావాలి గనుక ప్రభుత్వం వాళ్ళని కాపురస్తులుగా గుర్తించింది. రేషను కార్డు ఇవ్వలేదు. ఓటు ఇవ్వలేదు. జవాబు చెప్పుకోవలసిన బాధ్యత మాత్రం ఇచ్చింది.

తిరపతమ్మకు ఉన్నది కూతురు హేమలత, గేదె బంగారి. భర్త పోయి ఆరేళ్ళయింది. బంగారి పాలతోనే హేమను డిగ్రీ దాకా చదివించింది. హేమ అంగన్‌వాడీ టీచరుగా ఎంపికైంది, చేరడానికి కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. చిన్నపిల్లల మధ్య పనిచేసేవారు తమది పొట్టగాలి లేని ఇల్లని ధ్రువపత్రం తేవాలి. పశువు కడుపులో గాలి చేసేవాళ్ళు ఉన్నా ఫరవాలేదు, వాళ్ళు ఆ ఇంటివారి వల్ల అక్కడికి వచ్చినవారు కాదని తేలితే చాలు. ఇంటివారి వల్లే వచ్చారని తేలితే ఇంటి పేరు గాలి రిజిస్టరులో ఎక్కుతుంది. ఎక్కిన పేరు దిగిన దాఖలా మండలంలో లేదు.

నోటీసు వచ్చిన రోజు తిరపతమ్మ అన్నం ముందు కూర్చుని వరసగా అన్నీ అనుకుంది. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. పిల్లకి ఉద్యోగం పోతుంది. ఎందుకు పోయిందని ఊరు అడుగుతుంది. పిల్ల బయటికి రావడం మానేస్తుంది. ఆ తరువాతది అనుకోలేక కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

గురువారం పశువైద్య శాఖ వాళ్ళు వచ్చి బంగారి ఎడమ డొక్కలో కిటికీ పెట్టారు. అరచెయ్యంత గుండ్రటి రంధ్రం, చుట్టూ రబ్బరు అంచు, పైన బిగుతైన మూత. సూది మందు ఇచ్చి చేశారు, బంగారి మేత మానలేదు. మూత చుట్టూ తెల్లరంగుతో పనివేళలు రాశారు. ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు. భోజన విరామంలో కిటికీ వద్ద ఎవరూ నిలబడరాదు. కిటికీ శాఖ ఆస్తి అని, గేదెను అమ్మినా కిటికీని అమ్మరాదని కాగితం మీద సంతకం తీసుకున్నారు.

విచారణకు వచ్చిన అధికారి పేరు వేదాద్రి. మెత్తగా మాట్లాడే మనిషి. కొట్టం ముందు టెంటు వేయించారు. నోటీసు అందుకున్న ప్రతివారికీ కూర్చునేందుకు చోటు చూపించాలని నిబంధన ఉంది. కడుపులో ఉన్నవారు చెంచాడు నీళ్ళలోనే కోట్లలో ఉంటారు కాబట్టి, అందరి తరఫునా అన్నట్టు పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వాటి మీద ‘కాపురస్తులు’ అని కాగితాలు అంటించారు. వాళ్ళు బయటికి రాలేరు. అయినా ఆ కుర్చీల్లో ఇంకెవరూ కూర్చోకుండా జోజి చూసుకోవాలి.

జోజికి ఇంకో పని కూడా ఉంది. స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని, రెండో కొస మూతకు ఆనించి, లోపలివాళ్ళు చెప్పింది బయటికి చెప్పాలి.

“పేరు?” అన్నాడు వేదాద్రి.

“అందరిదీ ఒకటేనంట సార్.”

“ఎప్పటినుంచి ఉంటున్నారు?”

జోజి విన్నాడు. “భూమ్మీద గడ్డి మొలవకముందు నుంచీ ఉన్నారంట.”

ఫారంలో తేదీ, నెల, సంవత్సరం గళ్ళే ఉన్నాయి. ‘ఆధారం చూపలేదు’ అని గుమాస్తా రాశాడు.

“వృత్తి?”

ఈసారి జోజి చాలాసేపు విన్నాడు. “లోపల గడ్డి అరగదీసేవోళ్ళు వేరే ఉన్నారంట సార్. వాళ్ళు పెద్దోళ్ళంట. వాళ్ళు పని చేసి వదిలే గాలి ఒకటుందంట. అది అక్కడే పేరుకుంటే వాళ్ళకే పని సాగదంట. దాన్ని ఈళ్ళు ఎప్పటికప్పుడు ఎత్తేస్తారంట. ఎత్తేసేటప్పుడు ఈ రెండో గాలి పుడతదంట. గేదె తేన్చేది అదేనంట.”

“అంటే మొదటి గాలి వీళ్ళది కాదు.”

“కాదంట సార్.”

వేదాద్రి గుమాస్తా వైపు చూశాడు. “అది వదిలేవాళ్ళకి నోటీసు వెళ్ళిందా?”

“లేదండి. వాళ్ళ గాలి లోపలే ఉంటుంది. బయట పడేది వీళ్ళదే.”

“సరే. మనకు కావలసింది బయట పడేదే.” వేదాద్రి కాగితం తిప్పాడు. “ఈ పని మానేస్తారేమో అడుగు.”

“మానేస్తే అక్కడితో గేదెకి అరగడం ఆగిపోద్దంట సార్. వాళ్ళ కోసం గాదంట, మీరు పాలు తాగుతారు గదా అని అంటన్నారు.”

ఆ వాక్యం విచారణకు సంబంధించింది కాదని గుమాస్తా రాయలేదు.

“ఈ గేదెలోకి ఎట్లా వచ్చారు?”

జోజి విని, స్టెతస్కోపు ఒక చెవిలోంచి తీసి, మళ్ళీ పెట్టుకుని విన్నాడు. తిరపతమ్మ వైపు చూడకుండా చెప్పాడు. “ఈ అమ్మగారి చేతిలో వచ్చారంట సార్.”

అది నిజమే. బంగారి దూడగా ఉన్నప్పుడు జబ్బు చేసి నెమరు వెయ్యడం మానేసింది. డాక్టరు ఇచ్చిన పొడి పని చెయ్యలేదు. అప్పుడు తిరపతమ్మ, పక్క గుంజకు కట్టిన ముసలి గేదె నెమరేస్తుండగా దాని నోట్లో చెయ్యి పెట్టి, సగం నమిలిన ముద్ద లాగి, దూడ నోట్లో కుక్కింది. వాళ్ళమ్మ అట్లాగే చేసేది. అలా మూడు పూటలు చేస్తే దూడ లేచి నెమరేసింది. ఆ ముద్దలో ఎవరు ఇల్లు మారారో ఆనాడు ఆమెకు తెలియదు. తెలిసినా పెట్టేది. ఆ రోజు దూడ దవడలు తెరిచి పట్టుకున్నది సువార్తమ్మ. కాలవ అవతల నుంచి వచ్చి కొట్టంలో పేడ ఎత్తి, తొట్టి కడిగి వెళ్ళే మనిషి.

వేదాద్రి తల అడ్డంగా ఊపాడు. “కాపురస్తులు వాళ్ళ గురించి చెప్పుకున్నది రాస్తాం. ఇంటివారి గురించి చెప్పింది రాయడానికి రూలు లేదు. అమ్మా, మీరు చెప్పండి. వీళ్ళు మీ వల్ల వచ్చినవాళ్ళేనా?”

తిరపతమ్మ హేమను చూసింది. హేమ గడప దగ్గర నిలబడి, జడ చివర వేలికి చుట్టుకుంటోంది.

“నాకేం తెలుసండీ” అంది తిరపతమ్మ. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగితే నమ్మరేమోనని భయం వేసింది. “నేను పాలు పితికేదాన్నే గాని కొట్టంలో చెయ్యి పెట్టనండీ. పేడా అదీ సువార్త చూస్తది. నాలుగైదు కొట్టాలు తిరిగే చెయ్యి. ఆమె మీదుగా ఏమన్నా వచ్చారేమో.”

గుమాస్తా ‘ఏమన్నా’, ‘ఏమో’ వదిలేసి మిగిలింది రాశాడు. విచారణ వారం రోజులు వాయిదా పడింది. కుర్చీలు మాత్రం తీసుకెళ్ళలేదు. వాయిదా కాలంలో కూడా అవి కాపురస్తులవే.

మర్నాడు సువార్తమ్మ రోజూ వచ్చే వేళకే వచ్చింది. పేడ ఎత్తింది. కిటికీ చుట్టూ ముసిరిన ఈగలు తోలి, రబ్బరు అంచు తడిగుడ్డతో తుడిచింది. ఆ పని ఎవరూ చెప్పలేదు. తిరపతమ్మ వంటింట్లోంచి టీ తెచ్చింది. చూరులో వేరే గ్లాసు దోపుకునే రోజులు పోయాయని ఆమె నలుగురిలో అనేది. ఇప్పుడు సువార్తమ్మకు కాగితం గ్లాసులో ఇస్తుంది. వాటిని యాభైకి యాభై సంతలో కొని దాచుతుంది. తానూ హేమా స్టీలు గ్లాసుల్లో తాగుతారు. అందులో తప్పేముందని అంతవరకూ అనుకుంది. ఆ రోజు గ్లాసు అంచుదాకా పోసి, అందిస్తూ టీ ఒలికించింది.

“నా పేరు చెప్పారంటగదమ్మా” అంది సువార్తమ్మ.

“నేను చెప్పడమేందే, వాళ్ళే అట్లా రాసుకున్నారు.”

“జోజిగాడు మా చెల్లెలి కొడుకేగదమ్మా. మీరన్నది అన్నట్టు చెప్పాడు. ఆడికి అదేగదా ఉద్యోగం.”

తిరపతమ్మ ఒలికిన టీ మీదికి కాలితో మట్టి తోసింది.

“ఆ రోజు దూడ నా వేలు కొరికింది. గోరు నల్లబడి పదిరోజులున్నది. గుర్తున్నదా అమ్మగారూ?”

“ఉన్నదే.”

“ఉంటే మంచిదేలే. నాకొక్కదానికే గుర్తున్నదేమో అనుకున్నా. చక్కెర ఎక్కువేశారు ఇయ్యాల” అని టీ తాగేసి, గ్లాసు నలిపి, అది కూడా పేడతట్టలోనే వేసుకుని వెళ్ళింది.

ఆ సాయంత్రం హేమ అడిగింది. “దూడకి నెమరు ముద్ద పెట్టింది నువ్వే గదమ్మా? అప్పుడు నేను ఎనిమిదో తరగతి. పక్కనే ఉన్నా.”

“నీ కోసమేగదే అన్నది.”

“నేనడిగానా?”

“అడగకపోతే మాత్రం? రేపు కాగితం రాకపోతే నువ్వు ఇంట్లో కూర్చుంటే నేను చూడగలనా?”

హేమ గడప దాకా వెళ్ళి ఆగింది. ఆఫీసుకి వెళ్ళి నిజం చెప్పి వస్తానంటుందేమోనని తిరపతమ్మ భయపడింది. హేమ లోపలికి వెళ్ళి, ఉద్యోగంలో చేరే రోజుకని కొన్న చీరను ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. కూతురు తనలాగే అయిందని తిరపతమ్మకు తెలిసింది. ఊరటగా ఉంది. ఆ ఊరటకే తల ఎత్తలేకపోయింది.

విచారణకు ముందురోజు, కిటికీ పనివేళల్లోనే, ఎవరూ లేనప్పుడు ఆమె బంగారి డొక్కకు చెవి ఆనించింది. స్టెతస్కోపు లేకపోయినా మాట వినబడింది. తెడ్డు వేసి కుడితి కలిపినట్టు నెమ్మదిగా ఉంది ఆ గొంతు.

“రేపు మళ్ళీ నా సంగతి ఎత్తకండి నాయనా” అంది.

“అడిగితే చెబుతాం. అబద్ధం మాకు రాదు. చెప్పినా రాయరుగా, నీకెందుకు భయం?”

“మీరు నా మీద కోపంగా ఉన్నారా?”

“కోపానికి తీరిక లేదమ్మా. గడ్డి అరగదీసే పెద్దవాళ్ళు ఇప్పుడే పచ్చిగడ్డి దింపారు. వాళ్ళు వదిలింది వదిలినట్టు ఎత్తాలి.”

“మరి వాళ్ళు మీ తరఫున ఒక్క మాటైనా చెప్పరా? మీరు వాళ్ళకి ఇంతకాలం చేశారు గదా.”

లోపల కాసేపు పని సాగిన చప్పుడు. తరువాత గొంతు అంది. “మేం ఉన్నట్టు వాళ్ళకి నోటీసు వచ్చాకే తెలిసింది.”

తిరపతమ్మ చెవి తీసేసింది. చెంపకు బంగారి వెంట్రుకలు అంటుకున్నాయి. వాటిని దులుపుకోవడానికి కూడా సిగ్గేసింది.

రెండో విచారణ రోజున పన్నెండు కుర్చీలు తుడిచి వరసలో పెట్టారు. వేదాద్రికి ఒకటి, గుమాస్తాకు ఒకటి, ఇంటావిడగా తిరపతమ్మకు ఒకటి వేరే వేశారు. మూలం అని అనుమానించబడిన వ్యక్తికి చోటు చూపాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఖాళీ కుర్చీల పక్కన సువార్తమ్మ నిలబడింది. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తట్ట మాత్రం వెంట ఉంది, ఇక్కడినుంచి ఇంకో ఇంటికి పోవాలి. ఇరుగుపొరుగు పది పన్నెండుమంది గోడవారగా చేరారు.

వేదాద్రి గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. “సువార్తా, నువ్వు సరిగా విను. వీళ్ళు ఎక్కడినుంచి వచ్చారో తేలకపోతే, ఊరూ పేరూ లేనివాళ్ళ కింద లెక్క. కిటికీ తీసి ఖాళీ చేయించాలి. గాలి తగిలితే ఏమవుతుందో మాకు సంబంధం లేదు. నీ వల్ల వచ్చారని తేలితే, నీ పూచీ మీద లోపలే ఉండనిస్తాం. నీ ఇంటి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. అంతే.”

“ఎక్కితే ఏమవుద్ది బాబూ?”

“మీ ఇంట్లోవాళ్ళకి ధ్రువపత్రం రాదు. ఎవరికైనా దానితో అవసరముందా?”

“మనవరాలు ఇంటరు చదువుతందండి.”

“ఇంకా ఇంటరే గదా. ఇప్పటికిప్పుడు అవసరం లేదు.”

“ఇప్పటికిప్పుడైతే లేదండి.”

గుమాస్తా ‘అవసరం లేదు’ అని రాశాడు. జోజి స్టెతస్కోపు మూతకు ఆనించి నిలబడి ఉన్నాడు, కాని ఈ రోజు లోపలివాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. అతను వాళ్ళు చేసుకుంటున్న పనిని వింటూ నేల చూస్తున్నాడు.

“అమ్మా,” వేదాద్రి తిరపతమ్మ వైపు తిరిగాడు. “మీరు పోయిన వారం చెప్పిన దాంట్లో మార్చి చెప్పేదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. సంతకం అయ్యాక కుదరదు. మీ అమ్మాయి ధ్రువపత్రం కూడా తెచ్చాను, దీంతోపాటే ఇచ్చేద్దామని.”

అది అతని కాగితాల అడుగున ఉంది, హేమ పేరు కనబడుతోంది. తిరపతమ్మ నోరు తెరిచింది. ఉన్నదని అందామనుకుంది. నిజంగానే అనుకుంది, ఆ మాట పళ్ళదాకా వచ్చింది. ఇంతలో గోడవారగా ఉన్నవాళ్ళు వింటారని గుర్తొచ్చింది. పోయిన వారం అబద్ధం చెప్పిందని తెలిసిపోతుంది. పిల్ల కోసం చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడు తన పరువు కోసం దాచుకుంటున్నానని ఆమెకు తెలిసింది. తెరిచిన నోటిని పమిట కొంగుతో తుడుచుకుని మూసేసింది.

“లేదండీ” అంది.

“సరే. సువార్తా, చెప్పు. నీ వల్లేనా?”

సువార్తమ్మ తట్ట కింద పెట్టింది. ఆమె తిరపతమ్మను చూసింది. కోపంగా చూసి ఉంటే తిరపతమ్మ తట్టుకునేది. ముసలి గేదె నోట్లో చెయ్యి పెట్టిన రోజు ‘జాగ్రత్తమ్మా, పళ్ళు తగులుతయ్యి’ అన్నప్పుడు ఎట్లా చూసిందో అట్లాగే చూసింది. తరువాత బంగారిని చూసింది. బంగారి నెమరేస్తోంది. ఒకసారి తేన్చింది. గుమాస్తా టైము చూసి ఆ తేన్పును రాసుకున్నాడు.

విచారణలో మౌనం ఐదు నిమిషాలు దాటితే రిజిస్టరులో నమోదు చెయ్యాలి. ఐదు నిమిషాలు దాటాయి. నమోదు చేశాడు. పది దాటాయి. గోడవారగా ఉన్నవాళ్ళలో ఒకామె, “చెప్పవే, ఎండెక్కుతోంది” అంది. ఇంకొకాయన పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానన్నాడు. హేమ గడప దిగి ఒక అడుగు ముందుకు వేసి, నిలబడిపోయింది. తిరపతమ్మ తన ఒడిలో ఉన్న చేతులను చూసుకుంటోంది. అవి కడిగిన చేతులే. పదకొండు, పన్నెండు, పదిహేను నిమిషాలు గుమాస్తా ఒకదాని కింద ఒకటి రాశాడు.

సువార్తమ్మ తట్ట ఎత్తి చంకన పెట్టుకుంది.

“నేను ఔనంటేనే గదండీ మీరంతా ఇళ్ళకి పోయేది” అంది. “రాసుకోండి. నా నుంచే వచ్చారు.”